లెఫెవ్ర్, ఫాబ్ర్, ఫోర్, ఫావ్ర్: ఇవన్నీ ఒకే ఇంటిపేరేనా? మధ్యలో పలకని ఆ ‘బి’ ఎక్కడిది?

మూలం_వెతుకు (ప్రశ్న)

ఫ్రెంచి ఇంటిపేర్ల మీద వ్యాసం రాస్తూ లెఫెవ్ర్ దగ్గర ఆగిపోయాను. ఫ్రాన్సులో బాగా ఎక్కువగా వినిపించే పేర్లలో ఇదొకటి. అర్థం కమ్మరి అని అంటారు. కానీ స్పెల్లింగులో వి ముందు బి ఉన్న లెఫెవ్ర్‌లు కనిపిస్తున్నారు, బి లేనివాళ్లూ కనిపిస్తున్నారు. లెఫేబ్యూర్ అనే మరో పేరు కూడా ఉంది. దక్షిణాన ఫాబ్ర్, ఫోర్. స్విట్జర్లాండు వైపు ఫావ్ర్. ఇవన్నీ ఒక వేరు నుంచే వచ్చాయా?

నా సందేహాలు ఇవి. పలకని బి ఎందుకు వచ్చింది? ఏ రూపం ఏ ప్రాంతానిది? పేరు స్పెల్లింగును బట్టి ఒక కుటుంబం మూలస్థానం చెప్పొచ్చా? 1820ల నాటి ఒకే మనిషి జనన, వివాహ, మరణ రికార్డుల్లో పేరు మూడు రకాలుగా ఉంటే అది ఒకే మనిషని ఎలా తేల్చాలి? తెలుగులో ఎలా రాయాలో కూడా చెబితే మేలు.

అక్షరమూలం

వేరు ఒక్కటే. లాటిన్‌లో ఫాబెర్ అంటే గట్టి పదార్థంతో పనిచేసే చేతిపనివాడు. తర్వాతి కాలంలో ఆ అర్థం ప్రధానంగా కమ్మరికి కుదురుకుంది. ఉత్తర ఫ్రాన్సులో ఈ మాట రెండు మార్పులకు లోనైంది. నొక్కి పలికే ‘ఆ’ ‘ఎ’ అయింది. ‘ర’కారం ముందున్న ‘బ’కారం ‘వ’కారమైంది. అలా ఫెవ్ర్ వచ్చింది. ఇదేమీ ఈ ఒక్క మాటకే జరిగింది కాదు. పెదవికి లాటిన్ మాట లాబ్రా ఫ్రెంచిలో లెవ్ర్ అయింది, మేకకు కాప్రా షెవ్ర్ అయింది. రెండింటిలోనూ అదే బాట చూడొచ్చు.

ముందున్న ‘ల’ (పేరులో కలిసినప్పుడు ‘లె’ అని రాస్తున్నాం) పురుషలింగ ఆర్టికల్, ఇంగ్లీషులో ‘ద’ లాంటిది. ఆ కమ్మరి, మన ఊరి కమ్మరి అన్నట్టు పిలిచిన పిలుపు పేరుకు అతుక్కుపోయింది. ఈ అలవాటు ఉత్తరాన, ముఖ్యంగా పికార్దీ, నార్మండీల్లో బలంగా ఉంది. లెరువా, లెగ్రాన్, లెబ్లాన్ లాంటి పేర్లూ అలా వచ్చినవే. దక్షిణాన ఆర్టికల్ పెట్టకుండానే వృత్తి పేరు ఇంటిపేరైన సందర్భాలు చాలా ఎక్కువ. అందుకే ‘ల’ ఉందా లేదా అన్నది కూడా ఒక ఆనవాలే.

కమ్మరికి మామూలు మాటగా ఫెవ్ర్ తర్వాత మరుగున పడింది, ఇప్పుడు ఫోర్జెరోన్ అంటారు. పాత మాట ఇంటిపేర్లలోనూ, కంసాలికి వాడే ఓర్ఫెవ్ర్‌లోనూ మిగిలింది. పారిస్ పోలీసు కార్యాలయం వల్ల పేరు పొందిన కే దెజ్ ఓర్ఫెవ్ర్ అంటే కంసాలుల రేవుగట్టు.

ఇక బి సంగతి. 12వ శతాబ్దంలో ఈ మాట రాతలో బి లేదు. మధ్యయుగం చివర్లో, ముఖ్యంగా 15, 16 శతాబ్దాల్లో, లాటిన్ చదువుకున్న లేఖకులు మాట పుట్టుకను చూపించడానికి పలకని అక్షరాలను రాతలో చేర్చడం మొదలుపెట్టారు. ఏడుకు వాడే సెత్‌లో పి, వేలుకు వాడే ద్వాలో జి అలా వచ్చి చేరినవే. బాధ్యతకు వాడే దవ్వార్ అనే మాటలోనూ ఒకప్పుడు వి ముందు బి రాసేవారు. మామూలు మాటల్లో ఇలాంటివి చాలావాటిని తర్వాత తీసేశారు, 1740 నాటి ఫ్రెంచి అకాడమీ నిఘంటువు మూడో కూర్పులో పెద్ద ఎత్తున ఈ ప్రక్షాళన జరిగింది. ఇంటిపేర్ల జోలికి మాత్రం ఆ సంస్కరణ పోలేదు.

లాటిన్ గౌరవం ఒక్కటే కారణం కాదు, చదవడానికి పనికొచ్చే కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో యు, వి వేరువేరు అక్షరాలు కావు. ఒకే అక్షరానికి రెండు రూపాలు, పదం మధ్యలో సాధారణంగా యు ఆకారమే రాసేవారు. కాబట్టి చేతిరాతలో లెఫెవ్ర్‌ను చూస్తే మధ్య అక్షరం అచ్చా హల్లా తెలిసేది కాదు. ముందు బి పెడితే, తర్వాతది హల్లు, అంటే ‘వ’కారం అని చదివేవాడికి తెలిసేది. ఈ గుర్తు ఉద్దేశం తెలియనివాళ్లు బిని పలికి, దాని తర్వాతి అక్షరాన్ని యు అనుకుని చదవడంతో లెఫేబ్యూర్ పుట్టింది. తర్వాత అదే రాతలో స్థిరపడి నిజమైన ఇంటిపేరుగా నిలిచింది.

బి ఉన్నవాళ్లు గొప్ప ఇంటివాళ్లు, లేనివాళ్లు మామూలువాళ్లు అనే ప్రచారం మీకు కనిపిస్తే నమ్మకండి. ఆ అక్షరాన్ని పెట్టింది కుటుంబం కాదు, రాసిన గుమాస్తా లేక చర్చి పూజారి.

జిల్లాపటం

ఏ రూపం ఎక్కడిదో నేను చెబుతాను. దీనికి సరైన పటం ప్రస్తుత జిల్లాలది కాదు, పాత మాండలికాలది. అది పరుచుకుని చూస్తే మొత్తం అర్థమవుతుంది.

బి ఉన్న లెఫెవ్ర్‌కు పుట్టిల్లు నోర్, పా ద కలే, సోమ్, సెన్ మారితీమ్ జిల్లాలు. సరిహద్దు దాటి బెల్జియంలోని ఫ్రెంచి ప్రాంతంలోనూ దండిగా ఉంది. బి లేని రూపం అక్కడా ఉంది, నార్మండీలో, పారిస్ చుట్టుపక్కలా ఇంకా విస్తారంగా ఉంది. లవార్ నది ముఖద్వారం వైపు, తూర్పు బ్రిటనీలో లెఫవ్ర్ అనే మరో రూపం ఉంది, స్పెల్లింగులో ఇ తర్వాత యు వస్తుంది. ఆర్టికల్ లేని ఫెవ్ర్ తూర్పున లొరేన్, బుర్గుండీ వైపు కనబడుతుంది. చరిత్రకారుడు లూసియాన్ ఫెవ్ర్ 1878లో నాన్సీలో పుట్టాడు. ఆయన ఇంటిపేరులోనూ పలకని బి ఉంది.

ఫ్రాంష్ కాంతేలో, అంటే దూ, జ్యూరా జిల్లాల్లో, ఇది ఫేవ్ర్. సవ్వా ప్రాంతంలోనూ ఫ్రెంచి మాట్లాడే స్విట్జర్లాండులోనూ ఫావ్ర్. గోథార్డ్ రైలు సొరంగం తవ్వించిన ఇంజినీరు లూయీ ఫావ్ర్ పుట్టింది (1826) జెనీవా పక్కనే ఉన్న షెన్‌లో. కిందికి దిగి దోఫినే, ఒవెర్న్య్, లిమూజాన్, పెరిగోర్ చేరితే ‘బ’కారం ‘ఉ’కారంలో కరిగిపోయి, స్పెల్లింగులో ఎ, యు కలిసిన ఫోర్ అయింది. లాంగ్‌దోక్, రువెర్గ్, ప్రొవాన్స్‌లో ‘బ్ర’ చెక్కుచెదరక ఫాబ్ర్‌గా నిలిచింది. కీటక శాస్త్రవేత్త జాన్ ఆన్రీ ఫాబ్ర్ 1823లో అవేరోన్ జిల్లా సాన్ లేయోన్‌లో, ఫ్రెంచి విప్లవకాలపు రిపబ్లికన్ కాలెండర్ నెలలకు పేర్లు పెట్టిన ఫాబ్ర్ దేగ్లాంతీన్ 1750లో కార్కాసోన్‌లో పుట్టారు. ఇద్దరి పుట్టిన ఊళ్లూ ఫాబ్ర్ సీమలోవే. గాస్కనీలో పదాది ‘ఫ’ ‘హ’ అవుతుంది కాబట్టి అక్కడ ఇదే పేరు హౌర్ అనే రాతలో దొరుకుతుంది. చివర ఇ మీద గుర్తున్న ఫోరే కూడా నైరుతిదే, సంగీతకర్త గాబ్రియేల్ ఫోరే ఆరియేజ్‌లోని పామియేలో 1845లో పుట్టాడు.

వేరు వేరైనా అర్థం ఒకటే అయిన పేర్లను కూడా మీ వ్యాసంలో చేర్చండి. బ్రెటన్ భాషలో కమ్మరి గోవ్, దాన్నుంచి వచ్చింది ల గోఫ్. ఇది ఫినిస్తేర్, కోత్ దార్మోర్ జిల్లాల పేరు. అల్సాస్‌లో ష్మిట్. గుర్రాలకు నాడాలు కొట్టేవాడి నుంచి వచ్చినవి మరెషాల్, లొరేన్‌లో మర్షాల్. ఫెర్రాన్‌ను మాత్రం ఈ జాబితాలో కలపొద్దు. ఇనుముకు సంబంధించిన మాటలా వినిపించినా అది నెరిసిన బూడిదరంగు జుట్టును బట్టి వచ్చిన పేరు.

స్పెల్లింగును బట్టి మూలస్థానం చెప్పొచ్చా అంటే, ప్రాంతం ఊహించొచ్చు, ఊరు చెప్పలేం. నెపోలియన్ కాలపు మార్షల్ ఫ్రాన్స్వా జోసెఫ్ లెఫెవ్ర్‌నే చూడండి. పేరు పక్కా ఉత్తరాదిది, పుట్టింది (1755) అల్సాస్‌లోని రుఫాష్‌లో. పేరు ఎప్పుడో ఒక తరంలో ఎక్కడ స్థిరపడిందో చెబుతుంది. ఆ తర్వాత మనుషులు ఎక్కడికి కదిలారో చెప్పదు.

ఇంకో ముఖ్యమైన మాట. దాదాపు ప్రతి పెద్ద ఊళ్లో ఒక కమ్మరి కొలిమి ఉండేది. 11, 12 శతాబ్దాల నుంచి ఇంటిపేర్లు వంశపారంపర్యం అవుతూ వచ్చాయి. అంటే ఈ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. ఇద్దరు లెఫెవ్ర్‌లు పక్కపక్క ఊళ్లవాళ్లైనా రక్తసంబంధం లేకపోవడమే సహజం. “మా వంశ మూలపురుషుడు ఫలానా” అని ఈ పేరు మొత్తానికి ఒక్కణ్ని చూపించే పుస్తకాలను పక్కన పెట్టేయండి.

రికార్డులగది

మూడు రికార్డులు, మూడు స్పెల్లింగులు అన్నారు కదా. 1820ల్లో అది రోజూ జరిగేదే. ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పి, తర్వాత పని ఎలా చేయాలో చెబుతాను.

1539 నాటి విలేర్ కోత్రే ఉత్తర్వుతో బాప్తిస్మాల రిజిస్టర్లు తప్పనిసరి అయ్యాయి. పెళ్లిళ్లు, ఖననాలు 1579 నాటి బ్లువా ఉత్తర్వుతో చేరాయి. 1667 నుంచి రెండేసి ప్రతులు రాయాలన్నారు. 1792 సెప్టెంబరు 20న ఈ పని చర్చి చేతి నుంచి మునిసిపాలిటీకి మారింది. 1794 ఆగస్టు 23 చట్టం జనన రికార్డులో ఉన్న పేరు తప్ప వేరే పేరు వాడకూడదంది. చట్టం అంది సరే, గుమాస్తా చెవితో విన్నదే రాశాడు. చదువురాని తండ్రికి ఏ అక్షరం పడిందో తెలిసే వీలే లేదు. ప్రతి కుటుంబానికీ లీవ్రే ద ఫామీయ్ అనే కుటుంబ పుస్తకం ఇవ్వడం 1877లో మొదలైంది. స్పెల్లింగులు నిజంగా బిగుసుకుంది ఆ తర్వాతే.

పని మొదలుపెట్టాల్సింది వివాహ రికార్డుతో. 1804 నాటి సివిల్ కోడ్ తర్వాత రాసిన వాటిలో వధూవరుల వయసు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు బతికి ఉన్నారా లేదా అన్నది ఉంటాయి. అది పట్టుకుని జనన రికార్డుకు వెళ్లండి. తేదీ, తల్లి పుట్టింటి పేరు, తండ్రి వృత్తి మూడూ కలిస్తే స్పెల్లింగు తేడాను పట్టించుకోనక్కర్లేదు. తల్లి పేరు ఇక్కడ చాలా బలమైన సాక్ష్యం. ఫ్రెంచి రికార్డుల్లో ఆడవాళ్లు పెళ్లి తర్వాత కూడా పుట్టింటి పేరుతోనే ఉంటారు.

తర్వాత రికార్డు కింది భాగం చూడండి. గుమాస్తా రాసిన పేరు వేరు, మనిషి చేసిన సంతకం వేరు. పైన బి లేకుండా రాసి, కింద వరుడు, అతని అన్న ఇద్దరూ బితో సంతకం పెట్టి ఉంటే ఆ ఇంట్లో వాడుక ఏమిటో తేలిపోయినట్టే. సంతకం రాదు అన్న వాక్యం ఉంటే ఆ రికార్డులోని స్పెల్లింగు గుమాస్తాదే, దాని మీద ఏ వాదమూ నిలబెట్టకండి.

చాలామంది దాటేసేది ఇంకోటి ఉంది. 1808 మార్చిలో కోన్సేయ్ దేతా, అంటే ప్రభుత్వానికి న్యాయ సలహా ఇచ్చే సంస్థ, ఒక అభిప్రాయం ఇచ్చింది. జనన రికార్డులో పేరు స్పెల్లింగు తల్లిదండ్రుల స్పెల్లింగుతో కలవకపోయినా, పెద్దలు ఒకే మనిషని చెబితే కోర్టు దాకా వెళ్లకుండా పెళ్లి జరిపించొచ్చని. అందుకే ఆ కాలపు వివాహ రికార్డుల మధ్యలో “జనన పత్రంలో ఇలా పొరపాటుగా రాశారు, అసలు పేరు ఇది” అనే ఒకటి రెండు పంక్తులు దొరుకుతాయి. రికార్డు పొడుగ్గా ఉందని తల్లిదండ్రుల పేర్లు చూసి మూసేస్తే మీకు కావాల్సిన జవాబు అక్కడే ఉండిపోతుంది. కోర్టు ద్వారా సవరణ జరిగిన సందర్భాల్లో అంచున అడ్డంగా రాసిన గమనిక ఉంటుంది, దాన్నీ చదవండి. పెళ్లి వివరాలు జనన రికార్డు అంచున రాయడం 1897 నుంచి, మరణం వివరాలు 1945 నుంచి ఉన్నాయి.

ఊరు తెలిసి తేదీ తెలియకపోతే రికార్డులకు పేర్లవారీ సూచికలైన పదేళ్ల పట్టికలు, అంటే తాబ్ల్ దేసెనాల్ ఉన్నాయి. మొదటిది 1792 నుంచి మొదలవుతుంది. ఈ పేరు దగ్గర జాగ్రత్త: ‘ల’ విడిగా రాసిన చోట దాన్ని ఎల్ కింద పెట్టి ఉండొచ్చు, ఎఫ్ కిందా పెట్టి ఉండొచ్చు. రెండూ తిరగేయండి. తొలి పట్టికల్లో ఒక అక్షరం లోపల వరస కచ్చితంగా ఉండదు కాబట్టి ఆ అక్షరం మొత్తం చదవాలి.

జిల్లా ఆర్కైవుల సైట్లలో స్కానులు ఎక్కువగా ఉచితమే. జనన, వివాహ రిజిస్టర్లు 75 ఏళ్లకు, మరణాలవి 25 ఏళ్లకు అందరికీ తెరుస్తారు. జననాలను ఇంటర్నెట్‌లో పెట్టడానికి మాత్రం సాధారణంగా 100 ఏళ్లు ఆగుతారు. పారిస్ కుటుంబమైతే 1860కి ముందు రికార్డులు 1871 మేలో కాలిపోయాయి, సుమారు మూడో వంతు మాత్రం మళ్లీ కూర్చారు. అక్కడ లేదంటే మనిషి లేడని కాదు. నోటరీల దగ్గరి వివాహ ఒప్పందాలు, ఆస్తి పంపకాల పత్రాలు వెతకాలి.

మూలం_వెతుకు

ఎంత ఓపిగ్గా రాశారండీ! జిల్లాపటం గారూ, ఏ జిల్లాలో ఎంతమంది అన్న అంకెలు నేనే తీసి పటం వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటిపేర్ల సైట్లలో అన్ని పేర్లకూ పారిస్, నోర్ జిల్లాలే ముందు వరసలో కనిపిస్తున్నాయి.

జిల్లాపటం

అవి ముందు కనిపించడానికి కారణం ఆ జిల్లాల్లో జనాభా ఎక్కువ కావడమే. విడి సంఖ్య చూడొద్దు, నిష్పత్తి చూడాలి. ఊహాలెక్క చెబుతాను. ఒక చిన్న జిల్లాలో 40,000 జననాల్లో 120 మంది ఆ పేరువాళ్లుంటే వెయ్యికి 3. పెద్ద నగరంలో 8,00,000 జననాల్లో 400 మందుంటే వెయ్యికి 0.5. సంఖ్యలో నగరం ముందు, సాంద్రతలో చిన్న జిల్లా ఆరు రెట్లు ముందు. పటంలో రంగు వేయాల్సింది సాంద్రతకే.

అంకెలకు మూలం ఇన్సే, అంటే ఫ్రాన్స్ జాతీయ గణాంక సంస్థ, విడుదల చేసిన ఇంటిపేర్ల ఫైలు. పుట్టిన జిల్లా, పుట్టిన దశాబ్దం వారీగా 1891 నుంచి జననాల సంఖ్య ఇస్తుంది. బయటి సైట్లలో చాలావాటి పటాలు దీన్నుంచే. మొత్తం దేశం లెక్కలో మార్తాన్‌ది మొదటి స్థానం. బి ఉన్న లెఫెవ్ర్ ఒక్కటే తీసుకున్నా మొదటి ఇరవై పేర్లలో ఉంటుంది. బి లేనివాళ్లను విడిగా లెక్కపెట్టాక వచ్చే స్థానం ఇది. అర్థాన్ని బట్టి కమ్మరి పేర్లన్నీ కలిపి చూపాలనుకుంటే మీరే కూడుకోవాలి.

ఈ ఫైలుతో వచ్చే చిక్కులు చెబుతాను. ఇందులో పేర్లన్నీ పెద్దక్షరాల్లో, ఉచ్చారణ గుర్తులు లేకుండా ఉంటాయి. అందుచేత ఫోర్, ఫోరే ఒకే వరుసలో కలిసిపోతాయి, వాటిని విడదీయడం ఈ ఫైలుతో సాధ్యం కాదు. ‘ల’ విడిగా రాసే కుటుంబాలు మాత్రం వేరే వరుసలో ఉంటాయి, వాటిని మరిచిపోతే లెక్క తగ్గుతుంది. దేశంలో మరీ అరుదైన పేర్లు ‘ఇతరములు’ కింద చేరిపోతాయి కాబట్టి కొన్ని గాస్కన్ రూపాలు కనబడకపోవచ్చు. ఈ ఫైలుకు ఆధారమైన వ్యక్తుల రిజిస్టరు 1940ల్లో మొదలైంది. అంతకుముందే చనిపోయినవాళ్లు అందులో లేరు కాబట్టి 1891–1900 దశాబ్దం సంఖ్య అసలు జననాల కన్నా తక్కువ. దాన్ని తర్వాతి దశాబ్దంతో పోల్చి పేరు పెరిగిందనడం తప్పు.

అయినా పేరు పాత విస్తరణ కావాలంటే మొదటి దశాబ్దాలే వాడండి. 20వ శతాబ్దం మధ్య నుంచి కాన్పులు పట్నాల ఆసుపత్రులకు మారాయి. పుట్టిన చోటు, ఉండే చోటు వేరైపోయాయి. 1968లో పారిస్ చుట్టూ ఉన్న సెన్, సెన్ ఎ వాజ్ జిల్లాలను చీల్చి కొత్త జిల్లాలు చేశారు. ఆ గీతకు రెండువైపులా ఉన్న అంకెల్ని నేరుగా పోల్చొద్దు, ఆ ప్రాంతమంతా ఒకే ముక్కగా తీసుకోండి.

ఇంకో రెండు మూలాలు ఉన్నాయి. 1970 నుంచి మరణించినవారి ఫైలును ఇన్సే ఉచితంగా ఇస్తోంది. దానిలో జిల్లా కాదు, పుట్టిన కమ్యూన్ దాకా ఉంటుంది కాబట్టి పటం ఊరి స్థాయిలో గీయొచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల కార్డులు రక్షణశాఖ నడిపే మెమ్వార్ దెజ్ ఓమ్ సైట్లో ఉన్నాయి, 13 లక్షలకు పైనే. 19వ శతాబ్దం చివర్లో పుట్టిన మగవాళ్ల చెదరని చిత్రం అది. ఒక పేరుకు అక్కడ పది జిల్లాలు తీసి చూస్తే, ఇన్సే పటం కన్నా మాండలికాల సరిహద్దు స్పష్టంగా కనిపిస్తుంది.

కెబెక్‌దారి

సముద్రం దాటిన లెఫెవ్ర్‌ల గురించి చిన్న చేర్పు. కెనడా కెబెక్‌లో 17వ శతాబ్దంలోనే ఈ పేరువాళ్లు స్థిరపడ్డారు, బి ఉన్న రూపమే అక్కడ బాగా నిలిచింది. అక్కడ దీ పేర్లు ఉంటాయి. అంటే ఇంటిపేరు తర్వాత ‘అనబడే’ అని రెండో పేరు: లెఫెవ్ర్ దీ బూలాంజె, లెఫెవ్ర్ దీ బెలీల్ లాంటివి. కొన్ని శాఖలు తర్వాత మొదటి పేరు వదిలేసి రెండోదే ఉంచుకున్నాయి. కాబట్టి 19వ శతాబ్దంలో బెలీల్ కుటుంబం ఉన్నట్టుండి మొదలైనట్టు కనిపిస్తే పాత చర్చి రిజిస్టర్లలో లెఫెవ్ర్ కింద వెతకాలి.

అమెరికాలో లఫేవ్, లఫీవర్ అనే రాతలు వచ్చాయి. కొందరికి ఇంటిపేరు బీన్ అయింది. ఇంటిపేరును లా ఫెవ్, అంటే చిక్కుడుగింజ, అని విని దాన్ని ఇంగ్లీషు చేశారు. కమ్మరికీ చిక్కుడుకూ ఏ సంబంధం లేదు. ప్రొటెస్టెంట్ వలసవాళ్లలోనూ ఈ పేరుంది. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ పాల్ట్స్ ఊరిని 1670ల్లో స్థాపించిన హ్యూగెనో (ఫ్రెంచి ప్రొటెస్టెంట్) కుటుంబాల్లో లెఫెవ్ర్‌లు ఉన్నారు. అక్కడి వారసులు ఇంగ్లీషు ఉచ్చారణే వాడతారు.

అక్షరమూలం

లాటిన్ పత్రాల దగ్గర జాగ్రత్త పడాలి, ఇది చెప్పడం అవసరం. 16వ శతాబ్దపు పండితులు పేర్లను లాటిన్‌లోకి మార్చుకునేవారు. అక్కడ ఉత్తరాది లెఫెవ్ర్, సవ్వా ఫావ్ర్, జర్మన్ ష్మిట్ అందరూ ఫాబెర్ అయిపోతారు. పికార్దీలో ఎతాప్ల్‌లో పుట్టిన మానవతావాద పండితుడు జాక్ లెఫెవ్ర్ లాటిన్‌లో ఫాబెర్ స్తపులెన్సిస్. సవ్వాలో 1506లో పుట్టిన తొలి జెస్యూట్లలో ఒకడు పియేర్ ఫావ్ర్, ఆయనా లాటిన్‌లో పెత్రుస్ ఫాబెర్. ఫాబెర్ అని చూడగానే ఫాబ్ర్ అని ఫ్రెంచిలోకి తిప్పి దక్షిణాదివాణ్ని చేసేయకండి. ఊరి పేరు లేకుండా లాటిన్ రూపాన్ని ఏ ప్రాంతానికీ కట్టబెట్టలేం.

తెలుగులో రాసే విషయం. బి ఉన్నా లేకపోయినా ఉచ్చారణ ఒకటే, లెఫెవ్ర్. తత్వవేత్త ఆన్రీ లెఫెవ్ర్‌ను లెఫెబ్వర్ అని రాస్తున్నారు, అది ఫ్రెంచి స్పెల్లింగును ఇంగ్లీషు పద్ధతిలో చదవడం వల్ల వచ్చింది. స్పెల్లింగు తేడా ముఖ్యమైన చోట నేను ఇక్కడ రాసినట్టే ‘బి ఉన్న లెఫెవ్ర్’ అని విడమరిచి చెప్పండి, ఉచ్చారణలోకి బి తీసుకురావద్దు. లెఫేబ్యూర్‌లో మాత్రం బి పలుకుతారు. ఫోర్‌ను ఫౌర్ అని రాయకండి. అధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్ (1895–1899) పేరు మన పుస్తకాల్లో అలా పడుతుంటుంది. ఫోర్, ఫోరే వేరువేరు. సంగీతకర్తకు చివరి ‘ఏ’ ఉండాలి. ఫేవ్ర్, ఫావ్ర్‌ల్లో అచ్చు మారిపోతే జిల్లాయే మారిపోతుంది, అక్షరదోషం అనుకుని దిద్దేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మూలం_వెతుకు

చివరిగా ఒకటి. ఈ రోజుల్లో ఫ్రాన్సులో ఒక లెఫెవ్ర్ తన తాతల స్పెల్లింగు బితో ఉండేదని చూపించి పేరు మార్చుకోగలడా? వంశం తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష పనికొస్తుందా?

రికార్డులగది

మొదటిదానికి మూడు దారులున్నాయి, వాటిని కలగాపులగం చేస్తే దరఖాస్తు తిరిగొస్తుంది.

తన జనన రికార్డులోనే గుమాస్తా పొరపాటు ఉంటే, అంటే తండ్రికి బి ఉండి పిల్లవాడికి పోయి ఉంటే, అది సవరణ. స్పష్టమైన రాతదోషమైతే ఆ రికార్డు రాసిన మునిసిపాలిటీయే దిద్దగలదు, లేదా ప్రభుత్వ న్యాయవాది, అంటే ప్రొక్యురేర్, ఆదేశిస్తాడు. తండ్రి జనన, వివాహ రికార్డుల పూర్తి నకళ్లు జత చేయాలి.

తండ్రికీ తాతకూ బి లేక, 18వ శతాబ్దంలో మాత్రమే ఉంటే, అది పొరపాటు దిద్దడం కాదు, పేరు మార్పు. సివిల్ కోడ్ 61వ అధికరణం కింద న్యాయశాఖకు దరఖాస్తు చేసి న్యాయమైన కారణం చూపాలి. అధికార గెజిట్లో ముందుగా ప్రకటన వేయాలి, ఒప్పుకుంటే డిక్రీ వస్తుంది. స్పెల్లింగు అందంగా ఉంటుందన్నది కారణంగా నిలవదు.

2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సులువు పద్ధతి గురించి విని చాలామంది దాన్ని దీనికి వాడబోతారు. అది తల్లి పేరు, తండ్రి పేరు, లేదా రెండూ తీసుకోవడానికి మాత్రమే. పెద్దవాళ్లు జీవితంలో ఒక్కసారి మునిసిపాలిటీలో దరఖాస్తు ఇచ్చి, కనీసం నెల ఆగి, స్వయంగా వెళ్లి ఖాయం చేయాలి. తల్లి ఇంటిపేరు బి ఉన్న లెఫెవ్ర్ అయితే ఆ దారిన రావొచ్చు. పాత పూర్వీకుడి స్పెల్లింగును దీనితో తెచ్చుకోలేరు.

మీ పటాలకు పనికొచ్చే మాట కూడా ఇక్కడే ఉంది. 2005 జనవరి 1 తర్వాత పుట్టిన పిల్లలకు తండ్రి పేరు, తల్లి పేరు, రెండూ ఏ వరసలోనైనా ఇవ్వొచ్చు. మొదటి బిడ్డకు ఎంచుకున్నదే అదే తల్లిదండ్రుల తర్వాతి బిడ్డలకూ వర్తిస్తుంది. అందుచేత ఇకపై జంట పేర్లలోని లెఫెవ్ర్‌లను విడిగా లెక్కవేయాలి. లేకపోతే పేరు ఉన్నదాని కన్నా వేగంగా తగ్గుతున్నట్టు కనిపిస్తుంది.

డీఎన్ఏ విషయంలో, ఫ్రాన్సులో ఉన్నవాళ్లు వైద్య, న్యాయ, శాస్త్ర పరిశోధన అవసరాలకు బయట సరదాగా ఆ పరీక్ష చేయించుకోవడం నేరం, 3,750 యూరోల దాకా జరిమానా. పైగా ఈ పేరుకు దానివల్ల ఒరిగేది తక్కువ. జిల్లాపటం గారు చెప్పినట్టు పేరు వందల చోట్ల పుట్టింది, ఇద్దరికి పోలిక కలవకపోతే అందులో కొత్త సంగతేమీ లేదు. మీ దగ్గరున్న వివాహ రికార్డు స్కానులో సంతకాల భాగం, మధ్యలోని స్పెల్లింగు వాక్యం ఇక్కడ పెట్టండి. చేతిరాత చదివి చెబుతాను.